ప్రామిసరీ నోటు దావాలో గెలిస్తే పెట్టిన ఖర్చంతా తిరిగి వస్తుందా?

ప్రశ్న

మా దూరపు బంధువుకు ప్రామిసరీ నోటు మీద నాలుగున్నర లక్షలు అప్పిచ్చి 2 సంవత్సరాల 4 నెలలైంది. ఇప్పుడు ఫోను కూడా ఎత్తడం లేదు. దావా వేయమని ఇంట్లో అంటున్నారు గాని, కోర్టు ఫీజు, వకీలు ఫీజు, వాయిదాల తిరుగుడు తలచుకుంటే భయంగా ఉంది. గెలిస్తే ఇవన్నీ ఆయన నుంచి రాబట్టుకోవచ్చా? ఓడిపోతే ఆయన ఖర్చులు నేను భరించవలసి ఉంటుందా?

జవాబు: ఒక న్యాయవాది

సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ ప్రకారం ఖర్చులు కోర్టు విచక్షణకు లోబడినవే అయినా, సాధారణంగా ఓడినవారే భరించాలి. అలా కాదనుకుంటే న్యాయమూర్తి కారణం రాయాలి. అయితే డిక్రీలో, అంటే కోర్టు తుది ఉత్తర్వులో, చేరే వకీలు ఫీజు, దావా విలువను బట్టి నిబంధనలు నిర్ణయించినదే తప్ప మీరు నిజంగా చెల్లించినది కాదు. ఖర్చులు వాస్తవానికి దగ్గరగా ఉండాలని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పినా, ఆచరణలో తేడా మీ జేబు మీదే పడుతుంది. తప్పుడు వాదనకు 35ఎ కింద ఇప్పించే పరిహారమూ 3,000 రూపాయలు మించదు. మీరు ఓడినా ఇదే కొలత కనుక అవతలివారి ఖర్చు గురించి మరీ బెంగ అక్కరలేదు.

అసలు జాగ్రత్త మీరు కోరే మొత్తంలో ఉంది. ఎక్కువ కోరి తక్కువకు డిక్రీ పొందితే ఖర్చులు కూడా దామాషాలోనే రావచ్చు. పైగా అదే కోడ్‌లోని ఆర్డర్ 24 కింద ప్రతివాది కొంత సొమ్ము కోర్టులో జమ చేసి, మీరు అది చాలదని ముందుకు వెళ్ళాక అదే పూర్తి బాకీ అని తేలితే, జమ తర్వాతి ఖర్చులు మీరే చెల్లించాలి. వసూలైన దానిలో వాటా ఇస్తే చాలునని ఏ వకీలైనా అంటే ఒప్పుకోకండి, బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని నిషేధించాయి.

జవాబు: విశ్రాంత కోర్టు ఉద్యోగి

నా అనుభవంలో డబ్బు ఇరుక్కునేది దావాలో కాదు, ఈపీలో, అంటే డిక్రీ సొమ్ము వసూలుకు వేసే అమలు పిటిషన్‌లో. ముందు ఆయన పేరిట ఏ ఆస్తి ఉందో ఆరా తీయండి. దాన్ని అమ్మేసి తప్పించుకునే ప్రయత్నానికి ఆధారముంటే ఆర్డర్ 38 రూల్ 5 కింద తీర్పుకు ముందే జప్తు కోరవచ్చు. ఆయన ఉద్యోగి అయితే జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. దావా వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో రాజీ కోసం ప్రీ లిటిగేషన్ కేసు పెట్టి చూడండి. కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. మీరు మహిళ అయితే ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు.

ప్రశ్న అడిగినవారు

ఒక విషయం దాచాను. ఎనిమిది నెలల కిందట ఆయన తమ్ముడి చేత 60,000 పంపించారు. నోటు వెనక చెల్లు రాయించుకోలేదు. దావాలో చూపకపోతే నష్టమా?

జవాబు: ఆ న్యాయవాదే

తప్పక చూపండి. సాక్ష్యంలో అది బయటపడితే మీ మిగతా మాటలను కూడా కోర్టు నమ్మదు. సొమ్ము ముట్టినట్లు మీరు ఒక్కరే రాసుకుంటే గడువు పెరగదు. నోటు తేదీ నుంచి మూడేళ్ళ గడువులో ఇంకా మిగిలిన ఎనిమిది నెలల్లోగా, మిగతా బాకీ ఒప్పుకుంటూ ఆయన సంతకం చేస్తే ఆ తేదీ నుంచి కొత్తగా మూడేళ్ళు లభిస్తాయి. చేయకపోతే గడువులోపే దావా దాఖలు చేయండి.