సొంతంగా చేసిన చిన్న పెట్రోలు ఇంజను: రెండు ఫైరింగులిచ్చి ఆగిపోతోంది, సాయం చేయండి

అడిగినవారు (సింగ్ నగర్, విజయవాడ):
పొద్దున ఏడింటికి కూర్చున్నాను, ఇప్పుడు సాయంత్రం ఆరు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఏడు నెలల ఆదివారాలన్నీ పెట్టి చేసుకున్న ఇంజను ఇది. ఫోర్ స్ట్రోకు, బోరు 25 మి.మీ., స్ట్రోకు 30, రెండు పక్కలా ఫ్లైవీళ్లు. డ్రిల్లు మిషను తగిలించి తిప్పితే ఉలకదు, పలకదు. గొట్టంలోకి సిరంజితో రెండు చుక్కల పెట్రోలు వేస్తే టప్ టప్‌మని రెండు ఫైరింగులిచ్చి ఆగిపోతుంది. మళ్లీ వేస్తే మళ్లీ రెండే. స్పార్కు ఉంది, కంప్రెషన్ ఉంది, పెట్రోలు ఉంది. ఇంకేం కావాలి దీనికి? మూడు ప్లగ్గులు మార్చాను. కార్బ్యురేటరు పదిసార్లు విప్పాను. దయచేసి ఎవరైనా చెప్పండి.

బ్రాడీపేట టర్నర్:
టైమింగ్ చూడు.

అడిగినవారు:
చూశానన్నా. పిస్టన్ పైకొచ్చే ముందు 10 డిగ్రీల దగ్గర స్పార్కు పుట్టించే పాయింట్లు విడుతున్నాయి. గ్యాపు 0.4 మి.మీ.

బ్రాడీపేట టర్నర్:
నేనడిగింది వాల్వు టైమింగ్.

పాయింట్లు-కండెన్సర్:
ఆ ముక్క ముందే అనాలి కదండీ. ఆటోనగర్లో ఏ షెడ్డులోనైనా ‘టైమింగ్’ అంటే పాయింట్లే సరిచేస్తారు. వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలన్నదాన్ని క్యామ్ సెట్టింగ్ అంటారు, వాటిని నెట్టేది క్యామే కాబట్టి.

బ్రాడీపేట టర్నర్:
మరి టైమింగ్ చైను తిప్పేది దేన్ని? క్యామ్‌నే కదా.

సీసా పరీక్ష:
మీరిద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. మన కృష్ణ ఒడ్డు ఉక్కపోతకి మూత వదులైన డబ్బాలో ఎన్నాళ్లని బాగుంటుంది? సన్నటి గాజు సీసాలో 90 మి.లీ. పెట్రోలు, 10 మి.లీ. నీళ్లు పోసి కుదిపి పక్కన పెట్టండి. అడుగున నీళ్ల మట్టం 10 దాటి పెరుగుతుంది. ఆ పెరిగిందంతా పెట్రోల్లోంచి దిగిన ఇథనాలే. పైగా మామూలు పెట్రోలుకి ఒక వంతుకి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. అంటే కార్బ్యురేటర్లో పెట్రోలు వదిలే సన్నటి చిల్లు, అదే జెట్టు, పాత లెక్కతో వేసింది దీనికి చాలదు. పాతకాలం రబ్బరు ముక్కలుంటే అవీ ఉబ్బుతాయి. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ పట్టించుకోరు, నా బాధ అదే.

అడిగినవారు:
పెట్రోలు నిన్ననే కొట్టించానండీ. చుక్కలు వేస్తే ఆ పెట్రోలుతోనే ఫైర్ అవుతోంది కదా!

తెనాలి మాస్టారు:
అక్కడే ఉంది విషయం. చుక్కలు వేస్తేనే ఫైర్ అవుతోందంటే ఇంజను తనంతట తాను పీల్చుకోవడం లేదు. కార్బ్యురేటరు నోటి దగ్గర సిగరెట్ కాగితం పట్టుకుని తిప్పండి, లోపలికి లాగుతుందేమో చూడండి. ఇన్‌లెట్ వాల్వుకి క్యామ్ నుంచి నెట్టే పుష్ రాడ్ ఉందా?

అడిగినవారు:
కాగితం కదలడం లేదు. ఇన్‌లెట్‌కి రాడ్ ఎందుకుంటుందండీ, హిట్ అండ్ మిస్ ఇంజను కదా, స్పీడు పెరిగితే దాన్ని అదుపు చేసే గవర్నరు ఎగ్జాస్టుని తెరిచి పట్టుకుని ఫైరింగులు ఆపే రకం? రాడ్ ఎగ్జాస్టుకే. ఇన్‌లెట్ పీల్పుకి దానంతటదే తెరుచుకునేది. ఇదంతా చెప్పాననే అనుకున్నాను.

తెనాలి మాస్టారు:
చెప్పలేదు బాబూ. దాని స్ప్రింగు ఎక్కడిది?

అడిగినవారు:
బాల్‌పెన్నుది. గట్టిగా మూసుకోవాలని వేశాను.

తెనాలి మాస్టారు:
దొరికింది. తొలినాటి డైమ్లర్ ఇంజన్లకీ ఇన్‌లెట్ ఇలా పీల్పుకే తెరుచుకునేది, కాబట్టి పద్ధతిలో తప్పు లేదు. లెక్క చూడండి. వాల్వు తల 8 మి.మీ. అనుకుంటే వైశాల్యం 50 చదరపు మి.మీ. లోపల పీల్పు వాతావరణ పీడనంలో పదో వంతు ఉన్నా వాల్వుని లాగే బలం 50 గ్రాముల బరువంత. మీ పెన్ను స్ప్రింగుని వంటింటి డిజిటల్ కాటా మీద పెట్టి సగం వరకు నొక్కండి, వంద దాటిపోతుంది. ఇంక ఆ వాల్వు ఎలా తెరుచుకుంటుంది?

గిటారు మొదటి తీగ, 0.25 మి.మీ.ది, తెచ్చి 5 మి.మీ. కడ్డీ మీద నాలుగైదు చుట్లు చుట్టండి. వాల్వుని సీటు మీద ఆనించి పట్టుకుంటే చాలు, వేలు తగలగానే దిగాలి. కాడ గైడులో పట్టేయకూడదు. ఎగ్జాస్టు స్ప్రింగు మాత్రం గట్టిగానే ఉంచండి, లేకపోతే పీల్పుకి అదే తెరుచుకుని కాలిన గాలిని వెనక్కి లాగుతుంది. మీ పెన్ను స్ప్రింగు అటు పనికొస్తుంది. డ్రిల్లుతో మరీ జోరుగా తిప్పకండి. చిన్నప్పుడు మా ఊరి రైసు మిల్లులో లిస్టర్ రకం 6 హెచ్‌పీ ఆయిల్ ఇంజను ఉండేది, 650 చుట్లు. దాని పక్కన నిలబడితే ఊపిరి తీసుకోవడం వినపడేది. ఇంజను పీల్పుని చెవితో పట్టుకోవడం నేను అక్కడే నేర్చుకున్నాను.

పాయింట్లు-కండెన్సర్:
రాడ్ లేనప్పుడు దాన్ని వాల్వు టైమింగ్ అనడం కూడా తప్పే మరి.

బ్రాడీపేట టర్నర్:
ఎగ్జాస్టుకి ఉందిగా టైమింగ్.

పాయింట్లు-కండెన్సర్:
ఇన్‌లెట్ సంగతి మాట్లాడుతున్నాం ఇక్కడ.

అడిగినవారు (మూడు రోజుల తర్వాత):
తీగ చుట్టాను. నాలుగు నిమిషాలు ఆగకుండా నడిచింది. స్పీడు పెరిగినా గవర్నరు ఎగ్జాస్టుని తెరిచి పట్టుకోవడం లేదు, అది వచ్చే ఆదివారం చూస్తాను. థాంక్సండీ మాస్టారూ.

సీసా పరీక్ష:
ఆదివారం దాకా ట్యాంకులో పెట్రోలు ఉంచకండి.