కస్టమ్ బ్లాక్‌లో అన్ని పారామీటర్లకీ స్లైడర్ ఇవ్వాలా, కొన్నింటిని కదలకుండా పెట్టాలా?

తిరుచానూరు_సిగ్నల్: అన్నలూ అక్కలూ, తిరుపతిలో ఫైనలియర్ ఈసీఈ నేను. గ్నూ రేడియో 3.10 (బ్లాకులు కలిపి రేడియో తయారుచేసే సాఫ్ట్‌వేర్) లో ఎఫ్ఎం డీఎంఫసిస్‌కి (స్టేషనోళ్లు పెంచి పంపిన హై ఫ్రీక్వెన్సీలని మళ్లీ తగ్గించేది) సీ ప్లస్ ప్లస్‌లో సొంత బ్లాక్ రాస్తా ఉండాను, రెడీమేడ్‌ది ఉంది గదా అనొద్దు, ప్రాజెక్టుకి సొంతంగా రాయాల్సిందే. పారామీటర్లు నాలుగు: శాంపిల్ రేటు, టౌ (ఫిల్టర్ టైమ్ కాన్‌స్టంట్), గెయిన్, డెసిమేషన్ (శాంపిల్ రేటుని ఎంతతో కోయాలో ఆ నంబర్). మా బ్యాచ్‌మేట్ ఏమో నాలుగింటికీ సెట్టర్లు (విలువ మార్చే ఫంక్షన్లు) రాసి యామ్ల్ ఫైల్లో (బ్లాక్ వివరాలుండే ఫైలు) కాల్‌బ్యాక్స్ (రన్నింగ్‌లో విలువ మారితే పిలిచేవి) కింద పెట్టెయ్, రివ్యూలో స్లైడర్లు జరిపితే సార్లు ఖుషీ అంటాడు, ల్యాబ్‌లో సీనియర్ ఏమో గెయిన్ తప్ప ఏదీ కదలకూడదు అంటాడు. ఎవురి మాట వినాల?

పాకాల_జంక్షన్: బ్యాచ్‌మేట్ మాటే విను తమ్ముడూ. కాల్‌బ్యాక్స్ ఉండేదే అందుకు. టౌ సంగతే చూడు, గ్నూ రేడియోలో డీఫాల్ట్ 75 మైక్రోసెకన్లు, అది అమెరికా లెక్క, మన దేశంలో ఎఫ్ఎంకి 50. 75 పెడితే సుమారు 2.1 కిలోహెర్ట్జ్ నుంచే కోత మొదలవుతుంది, 50 అయితే 3.2 దాకా ఆగుతుంది, పాట వింటా వింటా స్లైడర్ జరిపితే ఆ తేడా చెవికే తెలిసిపోతాది. ఆపి, ప్రాపర్టీస్ తెరిచి, మార్చి, మళ్లీ రన్ కొట్టేలోపల ముందు ఎట్ల వినపడిందో ఎవరికి గుర్తుంటుంది?

యేర్పేడు_యాంటెన్నా: టౌ దాకా సరే అన్నా. డెసిమేషన్ సంగతేంది? డాంగిల్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్) నుంచి సెకనుకి 2.4 మెగాశాంపిల్స్ వస్తాయి, పదితో కోస్తే 240 కే, ఈ బ్లాక్‌లో ఐదుతో కోస్తే 48 కే, ఆడియో సింక్‌కి (సౌండ్ కార్డుకి పంపే బ్లాక్) కావాల్సింది సరిగ్గా అదే. రన్నింగ్‌లో ఎవరో దాన్ని 6 చేస్తే 40 కే మాత్రమే వస్తుంది, సౌండ్ కార్డు ఆకలేసి టెర్మినల్ నిండా ఏయూ ఏయూ (ఆడియో అండర్‌రన్) అని అరుస్తుంది. 4 చేస్తే 60 కే వచ్చి పడుతుంది, కిందోడు తినలేడు, వెనక డాంగిల్ బఫర్ పొంగుతుంది. నీ ఒక్క బ్లాక్‌లో నంబర్ మారినంత మాత్రాన కింద ఉన్నోళ్లకి తెలీదు గదా. నిజంగా మార్చాలంటే ఫ్లోగ్రాఫ్‌ని ఆపి సింక్ రేటు కూడా మార్చాల, అది స్లైడర్ పని కాదు.

ఇంకోటి, కాల్‌బ్యాక్ ఉన్న పారామీటర్ పేరు కింద ప్రాపర్టీస్ విండోలో గీత పడుతుంది. ఆ గీత చూసే జనం ఇది రన్నింగ్‌లో మార్చొచ్చు అనుకుంటారు. డెసిమేషన్ కింద గీత పెట్టడం అంటే అబద్ధం చెప్పడమే, నా లెక్కలో.

గాదంకి_గాలి: 53 మెగాహెర్ట్జ్ రాడార్ పక్క ఊర్లో ఉండేవాణ్ణి, దానికి ఎవరూ ఫ్రీక్వెన్సీ స్లైడర్ పెట్టలేదు, సీనియర్ చెప్పిందే కరెక్టు 😄

పాకాల_జంక్షన్: రాడార్ వేరు క్లాసురూమ్ వేరు సామీ. చెడగొట్టి చూస్తేనే గదా పిల్లోళ్లకి ఏది ఎందుకో తెలిసేది. ఏయూ ఏయూ అని వస్తే రానీ, ఎందుకొచ్చిందో చూసుకుంటారు.

చిత్తూరు_మామిడి: చెడగొట్టి చూడాలంటే చూడండి, కానీ అసలు ప్రమాదం గురించి ఎవరూ మాట్లాడలేదు. స్లైడర్ జరిపితే సెట్టర్ నడిచేది జీయూఐ థ్రెడ్‌లో, వర్క్ ఫంక్షన్ (శాంపిల్స్ మీద లెక్క చేసేది) నడిచేది బ్లాక్ సొంత థ్రెడ్‌లో. టౌ మారితే ఫిల్టర్ కోఎఫిషియెంట్స్ అన్నీ మళ్లీ లెక్కెయ్యాల, ఒకటి కొత్తది ఇంకోటి పాతది ఉన్న టైములో వర్క్ వచ్చి చదివిందంటే స్పీకర్లో టప్‌మని క్లిక్కు, అదీ ఎప్పుడో ఒకసారి, కాబట్టి ల్యాబ్‌లో కనపడదు, రివ్యూ రోజే కనపడుతుంది. బేస్ క్లాస్‌లో ఇందుకే డీ సెట్‌లాక్ అని మ్యూటెక్స్ (ఒక టైములో ఒక్క థ్రెడ్‌నే రానిచ్చే తాళం) ఇచ్చినారు, సెట్టర్‌లోనూ వర్క్‌లోనూ రెండు చోట్లా పట్టుకోవాల. ఒక్క చోట పట్టుకుని లాక్ పెట్టినాం అనుకునే కోడ్ చాలా చూసినా.

నేనైతే మెసేజ్ పోర్ట్ (వేరే బ్లాకులు మెసేజ్ పంపే దారి) పెడతా. మెసేజ్ అందుకునే హ్యాండ్లర్ బ్లాక్ సొంత థ్రెడ్‌లోనే, ఒక వర్క్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే మధ్యలో నడుస్తుంది, లాక్ గొడవే లేదు.

యేర్పేడు_యాంటెన్నా: అక్కా, ఒక్క టౌ కోసం మెసేజ్ పోర్టా? చూసేవాళ్లకి ఆ గీత కూడా కనపడదు, పీఎంటీ (ఆ మెసేజ్ ఫార్మాట్) ఎట్ల పంపాలో డాక్యుమెంట్ రాస్తే తప్ప ఎవరూ వాడరు. లాక్ పట్టుకోవడం ఒక లైను పని.

చిత్తూరు_మామిడి: ఒక లైను పనే, మర్చిపోయేది కూడా ఆ లైనే. వేరే బ్లాకులు కూడా ఈ టౌని మార్చాల్సి వస్తే పోర్టే మేలు. స్లైడర్ ఒక్కటే అంటే నీ మాట ఒప్పుకుంటా.

తిరుచానూరు_సిగ్నల్: అయితే టౌకీ గెయిన్‌కీ లాక్‌తో కాల్‌బ్యాక్స్ పెడతా, రేటు, డెసిమేషన్ మేక్ లైన్లో (బ్లాక్ తయారయ్యేటప్పుడు నడిచేది) మాత్రమే. ఇంకో డౌట్, డెసిమేషన్ టైపు ఇంట్ అని పెట్టినా, బ్లాక్‌కి వచ్చే 240 కే శాంపిల్ రేటుని 48000 తో భాగించి ఇస్తే ఎర్రగా ఎర్రర్ వస్తా ఉంది, 5 కి 5 సరిగ్గానే వస్తుంది గదా?

యేర్పేడు_యాంటెన్నా: అది 5 కాదు తమ్ముడూ, 5.0. పైథాన్ 3 లో భాగహారం చేస్తే ఫ్లోటే వస్తుంది, ఇంట్ లోపల చుట్టు. పనిలో పనిగా యామ్ల్‌లో అసర్ట్ కూడా రాయి, టౌ సున్నా కంటే ఎక్కువ ఉండాల, డెసిమేషన్ కనీసం 1 అని, తప్పు నంబర్ ఇస్తే రన్ కాకముందే పట్టేస్తుంది. శాంపిల్ రేటుకి హైడ్ పార్ట్ అని పెట్టు, బ్లాక్ మొహం మీద ఇరుకు తగ్గుతుంది.

పాకాల_జంక్షన్: టౌ డీఫాల్ట్ మాత్రం 50 పెట్టు. డెసిమేషన్ విషయంలో నేనింకా ఒప్పుకోలా, కాకపోతే బ్లాక్ నీది.

చిత్తూరు_మామిడి: కోడ్ అయినాక ఇక్కడ పెట్టు నాయనా, వర్క్‌లో లాక్ ఉందో లేదో నేను చూస్తా.