ఒకే ఊరు, ఒకే పని, వేర్వేరు జీతాలు: విశాఖలో ప్రభుత్వ కొలువుల తేడా న్యాయమేనా?

బిల్లుల సెక్షన్:
నేను విశాఖలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జీతాల బిల్లులు తయారు చేసే సీటులో ఉన్నాను. ఎవరికి ఎంత వస్తుందో నెలనెలా నా కళ్ళముందే ఉంటుంది కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. మా గదిలో పక్కపక్క కుర్చీల్లో ఇద్దరు కూర్చుని ఒకే రకం ఫైళ్ళు ఎంట్రీ చేస్తారు. ఒకరు రెగ్యులర్ జూనియర్ అసిస్టెంట్, 2022 పీఆర్సీ (వేతన సవరణ)లో మూలవేతనం స్కేలు 25,220–80,910, దాని మీద డీఏ (కరువు భత్యం), హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), ఏటా ఇంక్రిమెంటు. రెండో అమ్మాయి ఆప్కాస్ (ప్రభుత్వ అవుట్‌సోర్సింగ్ సంస్థ) ద్వారా వచ్చిన డేటా ఎంట్రీ ఆపరేటర్, మొత్తం 18,500, పీఎఫ్, ఈఎస్ఐ పోయేది అందులోంచే, డీఏ లేదు, ఇంక్రిమెంటు లేదు. ఆ 18,500 అయినా 2022 జనవరిలో పెంచితే వచ్చింది, అంతకుముందు 15,000. అటెండర్ల దగ్గరా ఇదే కథ. రెగ్యులర్ ఆఫీస్ సబార్డినేట్ మూలవేతనం 20,000తో మొదలైతే అవుట్‌సోర్సింగ్ మనిషికి అన్నీ కలిపి 15,000.

ఇక 2019లో వార్డు సచివాలయాల్లో చేరిన పిల్లలు రాతపరీక్ష రాసే వచ్చారు. రెండేళ్ళు 15,000 అన్నారు, ఆ రెండేళ్ళు దాటినా స్కేలు చేతికి రావడానికి 2022 జులై దాకా ఆగాల్సి వచ్చింది. అడ్మిన్ కార్యదర్శికి 23,120తో మొదలు, మిగతావాళ్ళకి 22,460తో.

నా అభిప్రాయం దాచుకోను. పనిని బట్టి జీతం ఉండాలి, ఏ గుమ్మంలోంచి లోపలికి వచ్చారన్నదాన్ని బట్టి కాదు. కాదనేవాళ్ళు కారణం చెప్పండి, వింటాను.

గ్రూప్2 ఆశావహుడు:
సార్, మీ బాధ అర్థమవుతుంది కానీ నేను ఒప్పుకోను. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియక ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఏళ్ళు తిరిగి, లైబ్రరీలో పొద్దుట్నుంచి రాత్రి దాకా కూర్చుని, రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం మెరిట్‌లో వచ్చినవాడికీ, ఎవరో ఒకరి సిఫార్సు ఉత్తరంతో చేరినవాడికీ జీతం ఒకటే అయితే పరీక్ష పెట్టడం దేనికి? అందరూ సిఫార్సుతో వచ్చారని అనను, కానీ ఆ దారిలో పోటీ లేదన్నది నిజం. 2006లో ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే కదా, దొడ్డిదారిన వచ్చినవాళ్ళు పర్మనెంట్ చేయమని హక్కుగా అడగలేరని. రేపు అందరికీ సమానంగా ఇచ్చేస్తే ఖాళీలు నింపే అవసరం ప్రభుత్వానికి ఇంకేముంటుంది? దెబ్బ తినేది బయట ఎదురుచూస్తున్న మేమే.

కోర్టు ఫైళ్ళు:
తమ్ముడూ, రెండు వేర్వేరు విషయాలు కలిపేస్తున్నావు. ఉమాదేవి తీర్పు పర్మనెంట్ చేయడం గురించి. జీతం గురించి 2016 అక్టోబరు 26న స్టేట్ ఆఫ్ పంజాబ్ వర్సెస్ జగ్జీత్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ పోస్టు స్కేలులోని కనీసం ఇవ్వాలని సుప్రీంకోర్టు అందులో స్పష్టంగా చెప్పింది. ఉద్యోగం పర్మనెంట్ చేయమనలేదు, ఇంక్రిమెంట్లూ ప్రమోషన్లూ ఇవ్వమనలేదు, స్కేలు మొదటి మెట్టు ఇమ్మంది. సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం 39(డి)లో ఉన్న మాటే. మన రాష్ట్రంలో కాంట్రాక్టు లెక్చరర్లకు మినిమమ్ టైమ్ స్కేలు అని ఇస్తున్నది ఈ లెక్కలోనే. అవుట్‌సోర్సింగ్ దగ్గరికి వచ్చేసరికి మధ్యలో ఏజెన్సీ ఉంది, వాళ్ళు మా ఉద్యోగులే కాదు అనే వాదన లేస్తుంది. ఒకప్పుడు ప్రైవేటు ఏజెన్సీలుండేవి, సరే. ఇప్పుడున్న ఆప్కాస్ ప్రభుత్వం పెట్టిన సంస్థే కదా, ఇంకా మధ్యవర్తి అని ఎలా అంటారు?

నువ్వు పరీక్ష రాసినందుకు నీకు భద్రత, ప్రమోషన్, పెన్షన్ ఉంటాయి, అవి నీవే. చేసిన పనికి కూలి మాత్రం అవతలి మనిషిది.

గ్రూప్2 ఆశావహుడు:
మొదటి మెట్టు వరకే అయితే నాకు అభ్యంతరం లేదండి. ఖాళీ పోస్టులో అవుట్‌సోర్సింగ్ వాళ్ళని ఏళ్ళ తరబడి ఉంచకుండా నోటిఫికేషన్ ఇవ్వాలి, ఆ షరతు కూడా మీ వాదనలో ఉండాలి.

మధురవాడ మాస్టారు:
జీతం తేడా అంటే నాకు ముందు గుర్తొచ్చేది హెచ్‌ఆర్‌ఏ. దీని గురించి విశాఖ వాళ్ళు మాట్లాడినంతగా ఇంకెవరూ మాట్లాడకూడదు, ఎందుకంటే ఎక్కువ నష్టపోయింది మనమే. పాత పీఆర్సీలో విశాఖకి 20 శాతం ఉండేది, పైన సీసీఏ (నగర భత్యం) వచ్చేది. 2022 జనవరిలో వచ్చిన జీవోలతో అది 16కి దిగింది, సీసీఏ మొత్తానికే ఎత్తేశారు. ఫిట్‌మెంట్ (మూలవేతనంలో పెంపు) చూస్తే పీఆర్సీ వేసిన అశుతోష్ మిశ్రా కమిషన్ 27 శాతం అంటే ప్రభుత్వం 23 ఇచ్చింది, అప్పటికే మనం 27 శాతం ఐఆర్ (మధ్యంతర భృతి) తీసుకుంటున్నాం. అందుకే ఫిబ్రవరి 3న చలో విజయవాడకి అంతమంది కదిలారు. ఆ తర్వాత చర్చల్లో శ్లాబులు కొంచెం మారాయి. 50 వేల లోపు జనాభా ఉన్నచోట 10 శాతం, 2 లక్షల దాకా 12, రెండు లక్షల నుంచి 50 లక్షల దాకా 16, ఆ పైన 24.

రెండు లక్షల నుంచి 50 లక్షలు ఒకే శ్లాబు ఏమిటండీ! 2011 జనాభా లెక్కల్లో విజయనగరం రెండు లక్షల పాతిక వేల పైచిలుకు, జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) 17 లక్షల పైన, రెండింటికీ ఒకటే శాతం. రాష్ట్రంలో 50 లక్షలు దాటిన ఊరే లేదు, మరి ఆ 24 ఎవరికి? రాష్ట్ర సచివాలయానికీ, శాఖాధిపతుల ఆఫీసులకీ. అంటే వెలగపూడిలో ఫైలు చూసే ఉద్యోగికి 24, రాష్ట్రంలో అందరికన్నా పెద్ద ఊళ్ళో పాఠం చెప్పే నాకు 16. స్కూల్ అసిస్టెంట్ స్కేలు 44,570తో మొదలవుతుంది, దాని మీద 24 శాతం అంటే 10,697, 16 శాతం అంటే 7,131. నెలకి మూడున్నర వేలు తేడా. ఐటీ ఆఫీసులు వచ్చాక మధురవాడ, ఎండాడ వైపు అద్దెలు ఎలా పెరిగాయో ఇల్లు వెతికినవాళ్ళని అడగండి.

ఇదే విశాఖలో పోర్టులోనో, రైల్వేలోనో, ఆదాయపన్ను ఆఫీసులోనో మన తోటివాళ్ళున్నారు. కేంద్రం లెక్కలో విశాఖ వై కేటగిరీ (రెండో శ్రేణి) నగరం, 2024 జనవరి నుంచి డీఏ 50 శాతానికి చేరడంతో రైల్వే, ఆదాయపన్ను వాళ్ళ హెచ్‌ఆర్‌ఏ 20 అయింది. ఇంటి ఓనరు మాత్రం మీరు కేంద్రమా రాష్ట్రమా అని అడిగి అద్దె చెప్పడు.

లెక్కల మనిషి:
మాస్టారూ, శాతాలు సరే, మూలవేతనాలు పక్కపక్కన పెట్టి మాత్రం పోల్చకండి. కేంద్రం స్కేళ్ళు 2016 జనవరి 1 నాటివి, మనవి 2022లో ఇచ్చినా 2018 జులై 1 నాటివి. మనకి అప్పటిదాకా ఉన్న 30.392 శాతం డీఏ మూలవేతనంలో కలిసిపోయింది. అందుకే మన మూలవేతనం పెద్దగా, డీఏ శాతం చిన్నగా కనిపిస్తుంది. మొత్తం జీతం, అదీ ఒకే నెలకి, పెట్టి చూస్తేనే ఎవరికెంతో తెలుస్తుంది. హెచ్‌ఆర్‌ఏ విషయంలో మీతో ఏకీభవిస్తాను, పది లక్షల పైన జనాభా ఉన్న నగరాలకి వేరే శ్లాబు ఉండి తీరాలి.

పాడేరు టీచరమ్మ:
మాస్టారు గారూ, విజయనగరం పేరు ఎత్తారు, తర్వాత మా పాడేరు పేరే వస్తుందని తెలుసు. 2023లో కొత్త జిల్లా కేంద్రాలన్నిటికీ 16 శాతం చేశారు, అందులో పాడేరూ ఉంది, పార్వతీపురమూ ఉంది. విశాఖకీ పాడేరుకీ ఒకటేనా అని స్టాఫ్ రూముల్లో అనడం నా చెవిన పడింది. మీరు ఇక్కడ ఒక వర్షాకాలం పనిచేసి చూడండి. పాపకి మంచి కాలేజీ కావాలంటే విశాఖ, అత్తగారికి గుండె డాక్టరు కావాలంటే విశాఖ, కాబట్టి అక్కడ ఒక అద్దె, ఇక్కడ ఒక అద్దె కడుతున్నాను. పైగా 16 శాతం జిల్లా కేంద్రానికే, ఘాట్ దాటి లోపలి ఊళ్ళలో ఉన్న టీచర్లకి 10 శాతమే. మీకు పెంచమని అడగండి, నేనూ సంతకం పెడతాను. మాతో పోల్చి మాత్రం అడగకండి.

మధురవాడ మాస్టారు:
అమ్మా, మీకు తగ్గించమని నా ఉద్దేశం కాదు. రెండు అద్దెల సంగతి మీరు చెప్పడం మంచిదైంది, మా యూనియన్ మీటింగుల్లో ఈ మాట రానే రాదు.

సీతమ్మధార లైన్:
నేను డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ)లో పనిచేస్తాను. కరెంటు వాళ్ళ జీతాలు ఎక్కువ, అదే పదో తరగతి, అదే ఐటీఐ, వాళ్ళకెందుకంత అని ప్రతి చోటా వింటాను కాబట్టి చెబుతున్నాను. మాకు పీఆర్సీతో సంబంధం లేదు. బోర్డు రోజుల నుంచీ నాలుగేళ్ళకోసారి యాజమాన్యంతో యూనియన్లు కూర్చుని ఒప్పందం చేసుకుంటాయి. 1999లో బోర్డు విడిపోయి కంపెనీలు అయినా ఆ పద్ధతి పోలేదు, 2022 రివిజన్ కూడా సమ్మె నోటీసు ఇచ్చాకే తేలింది. హుద్‌హుద్ తుపానప్పుడు 2014లో ఈ ఊళ్ళో స్తంభాలన్నీ నేలకూలితే ఎక్కి సరిచేసింది ఎవరో మీకు తెలుసు. స్తంభం మీద ప్రాణానికి ధర ఉండాలి.

అదే సమయంలో మా దగ్గరా రెండు రకాలున్నాయని ఒప్పుకోవాలి. 2019లో సచివాలయాల కోసం తీసుకున్న గ్రేడ్-2 జేఎల్ఎంలు (జూనియర్ లైన్‌మన్లు) మేము ఎక్కే స్తంభమే ఎక్కుతారు, మా జీతం వాళ్ళకి రాదు. ఇది నాకు నచ్చదు.

పన్ను కట్టేవాణ్ణి:
అందరూ పెంచమనే అంటున్నారు, ఎవరి డబ్బు? 2021 నుంచి ఆస్తిపన్ను ఇంటి మార్కెట్ విలువను బట్టి వేస్తున్నారు, మా ఇంటికి ఏటేటా పెరుగుతోంది. పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టులు చేసే కుర్రాళ్ళకి ఏ పీఆర్సీ ఉంది? ముందు పని చూపించండి.

బిల్లుల సెక్షన్:
అయ్యా, మీరు అడిగింది న్యాయమైన ప్రశ్నే, తప్పించుకోను. మీరు కార్పొరేషన్‌కి పన్ను కడతారు, కానీ కార్పొరేషన్ రెగ్యులర్ ఉద్యోగి జీతం కార్పొరేషన్ నిర్ణయించదు, రాష్ట్ర పీఆర్సీ నిర్ణయిస్తుంది. స్కేలు పైనుంచి వస్తుంది, ఖర్చు తగ్గించుకోవాలంటే కింద మిగిలిన దారి ఒక్కటే, రిటైరైనవాళ్ళ పోస్టులు నింపకుండా ఆ పని అవుట్‌సోర్సింగ్‌తో చేయించడం. తేడా పుట్టేది అక్కడే. మీ పన్ను భారం తగ్గడం కోసం ఒకే మనిషి మీద అంత కోత వేయడం నాకు సరైనదిగా అనిపించదు. పెంచాలి అంటున్నది కూడా అందరికీ కాదు, అడుగున ఉన్నవాళ్ళకి.

బీచ్ రోడ్ అక్క:
అడుగున ఉన్నవాళ్ళు అన్నారు కాబట్టి రాస్తున్నాను. మా అక్క పారిశుధ్య కార్మికురాలు. తెల్లారకముందే రోడ్డు మీదుంటుంది. అవుట్‌సోర్సింగ్ వాళ్ళకి 15,000 జీతం, 6,000 హెల్త్ అలవెన్స్, కలిపి 21,000, అది కూడా 2022 జులైలో సమ్మె చేస్తే కలిపి ఇచ్చారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్ళీ రోడ్డెక్కాల్సి వచ్చింది. పక్కన అదే చీపురు పట్టుకున్న పర్మనెంట్ కార్మికురాలికి స్కేలు, డీఏ, పెన్షన్. మా అక్క ఏ పరీక్ష రాయలేదని గ్రూప్2 తమ్ముడు అంటాడేమో, ఆ పర్మనెంట్ ఆమె కూడా ఏ పరీక్షా రాయలేదు నాన్నా.

అంగన్‌వాడీ వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. టీచరుకి 11,500, ఆయాకి 7,000. జీతం పెంచమని 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు, మధ్యలో ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించారు. ఎస్మా అంటే అత్యవసర సేవ అనే కదా, అంత అత్యవసరమైన పని చేసేవాళ్ళకి స్కేలు ఎందుకు లేదు? 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వీళ్ళకి గ్రాట్యుటీ హక్కుందని చెప్పింది, జీతం మాత్రం అక్కడే ఉంది.

గ్రూప్2 ఆశావహుడు:
అక్కా, చీపురు పనికి నా వాదన వర్తించదు. అక్కడ మీరు చెప్పిందే కరెక్టు.

సెప్టెంబర్ 2004:
ఒక్క మాట. జీతం స్లిప్పులో మూలవేతనం, డీఏ అన్నీ సమానంగా ఉన్నా 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాడికి పాత పెన్షన్, తర్వాత చేరినవాడికి సీపీఎస్ (ఉద్యోగి కూడా వాటా కట్టే పెన్షన్), అంటే ఆ స్లిప్పులోంచే పది శాతం కోత. పోల్చేటప్పుడు ఈ వరుస కూడా పెట్టండి.

బిల్లుల సెక్షన్:
పెడతాను. అందరూ చెప్పినవి కలిపి ఒక వినతిపత్రం రాయాలని ఉంది. తర్వాతి పీఆర్సీ 2023 జులై 1 నుంచి అమలు కావాల్సింది కాబట్టి దానికి ఇచ్చుకోవచ్చు. నేను రాసేది ఇది. అవుట్‌సోర్సింగ్‌లో ఉన్న ప్రతి పనికీ ఆ పోస్టు స్కేలు మొదటి మెట్టు, డీఏతో సహా. ఆప్కాస్ వాళ్ళతో నడుపుతున్న ఖాళీలకి ఏటా నోటిఫికేషన్. హెచ్‌ఆర్‌ఏకి పది లక్షలు దాటిన నగరాల శ్లాబు వేరే. ఏజెన్సీ (గిరిజన) మండలాల్లో పనిచేసేవాళ్ళకి రెండు అద్దెల సంగతి విడిగా. ఊరికే డిమాండ్లు రాస్తే పక్కన పడేస్తారు, అందుకని ఒకే నెల జీతం స్లిప్పుల నుంచి పట్టిక కావాలి: పోస్టు, చేరిన సంవత్సరం, ఊరు, మొత్తం, చేతికొచ్చేది. పేర్లు, ఐడీ నంబర్లు కొట్టేసి పంపండి, లెక్కల మనిషి గారు సరిచూస్తారు.

లెక్కల మనిషి:
సరే. కేంద్ర ఉద్యోగులు ఒకరిద్దరు కూడా అదే నెలది పంపితే పోలిక గట్టిగా ఉంటుంది.

పాడేరు టీచరమ్మ:
జిల్లా కేంద్రానిది ఒకటి, లోపలి ఊళ్ళ టీచర్లవి రెండు నేను పంపుతాను. పట్టికలో పాడేరుని విశాఖ కింద వరుసలో కాకుండా వేరే పట్టికగా పెట్టండి.