అప్‌డేట్: 10వ పిక్‌లో బేర్స్ టాకిల్‌ని ఎందుకు తీసుకోలేదంటే

2024లో NFL (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) జట్టు షికాగో బేర్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) కేలెబ్ విలియమ్స్‌ 68 సార్లు శాక్ అయ్యాడు (బంతి విసిరేలోపే ప్రత్యర్థులు పడగొట్టారు) కాబట్టి, 2025 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి, ఒక్కో వంతు ఒక పిక్) బేర్స్ మొదట అతన్ని కాపాడే ఆఫెన్సివ్ లైనే చూసుకోవాలా అని ఇంతకుముందు అడిగాను. జవాబులు చెప్పిన అందరికీ ధన్యవాదాలు.

లైన్ మధ్యభాగాన్ని డ్రాఫ్ట్‌కి ముందే సరిచేశారు. గార్డులు జో థూనీ, జోనా జాక్సన్ ట్రేడ్‌లో వచ్చారు, సెంటర్ డ్రూ డాల్‌మన్ ఫ్రీ ఏజెన్సీలో (ఒప్పందం ముగిసిన ఆటగాళ్ల మార్కెట్లో). మిగిలింది లైన్ ఎడమ చివర ఉండే లెఫ్ట్ టాకిల్. కానీ టాకిల్స్‌లో క్యాంప్‌బెల్ 4వ పిక్‌కి, మెంబూ 7కి, బ్యాంక్స్ 9కి వెళ్లిపోయారు. 10 దగ్గర బలవంతంగా ఇంకో టాకిల్‌ని తీసుకుంటే పిక్ విలువ పోయేది. అందుకే 10లో టైట్ ఎండ్ (లైన్ పక్కన నిలబడి, బంతి కూడా పట్టే ఆటగాడు) లవ్‌ల్యాండ్, 39లో రిసీవర్ బర్డెన్, 56లో టాకిల్ ట్రపీలో.

నా అసలు పొరపాటు: అవసరాన్ని చూశాను, ధరను చూడలేదు. రూకీ (కొత్త ఆటగాడి) జీతం పిక్ నంబర్‌ని బట్టే ఉంటుంది, పొజిషన్‌ని బట్టి కాదు. మార్కెట్లో ఖరీదైన క్వార్టర్‌బ్యాక్, టాకిల్, ఎడ్జ్ రషర్ (అంచు నుంచి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే డిఫెండర్) మొదటి రౌండ్‌లో దొరికితే నాలుగేళ్లు, జట్టు పొడిగించుకునే ఆప్షన్‌తో ఐదేళ్లు, క్యాప్‌లో (జట్టు జీతాల పరిమితిలో) చాలా మిగులుతుంది. టైట్ ఎండ్‌తో అంత మిగలదు. ఎడ్జ్‌ని వదిలేయడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు.