సినిమాలు చూస్తే ఇంగ్లీష్ యాస మారుతుందా?

నల్గొండ కుర్రాడు:
మొన్న హైదరాబాద్‌లో ఒక బీపీఓ ఇంటర్వ్యూకి వెళ్లాను. గ్రామర్ ఓకే కానీ ఎమ్‌టీఐ ఎక్కువుంది, మూడు నెలలాగి రమ్మన్నారు. అదేంటో బయటికొచ్చాక పక్కనున్న అమ్మాయిని అడిగితే తెలిసింది, మాతృభాష యాస ఇంగ్లీష్‌లోకి వచ్చేయడమట. అప్పట్నుంచి రోజుకో హాలీవుడ్ సినిమా చూస్తున్నా. ఇరవై అయ్యాయి, కథలన్నీ గుర్తున్నాయి గానీ నోరు మాత్రం తిరగట్లేదు. ఇంకా చూడాలా, మానేయాలా?

పాత ట్రైనర్:
తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తున్నావా తమ్ముడూ? అయితే నువ్వు చదువుతున్నావు, వినట్లేదు. ఇరవై సినిమాలెందుకు, ఇద్దరు కూర్చుని మామూలుగా మాట్లాడుకునే సీన్ ఒక్క నిమిషం చాలు. వీఎల్‌సీలో ఆ ముక్కనే లూప్‌లో పెట్టి, వాళ్ల వెనకే నీడలా గొంతెత్తి అంటూ పో, షాడోయింగ్ అంటే అదే. తర్వాత నీది ఫోన్‌లో రికార్డ్ చేసి, రెండూ ఒకదాని తర్వాత ఒకటి విను. మొదట్లో నీ గొంతు నువ్వే వినలేవు, పర్లేదు.
మనం ఎక్కువగా దొరికిపోయేది స్ట్రెస్ దగ్గర. మనం అక్షరాలన్నీ సమానంగా పలుకుతాం, వాళ్లు ఒకటి నొక్కి మిగతావి మింగేస్తారు. 'ఫొటోగ్రాఫ్'లో 'ఫొ' నొక్కుతారు, అదే 'ఫొటోగ్రఫీ' అయితే 'టో' మీదకి జరుగుతుంది. 'డెవలప్' సంగతి సరేసరి, మనమంతా 'డె' మీద పడతాం, నొక్కాల్సింది మధ్యలో 'వె'ని.

డాలస్ వదిన:
ఆడియోలో లేనిది సినిమాలో ఒకటుంది, క్లోజప్. సౌండ్ తీసేసి పెదాలు చూడండి. 'వెస్ట్' అంటే పడమర అయితే పెదాలు సున్నాలా చుట్టుకుంటాయి, లోపలేసుకునే బనియన్ అయితే పైపళ్లు కింది పెదవిని తాకుతాయి. మనకి రెండూ ఒకే 'వె'. నాకిది ఇక్కడికొచ్చిన నాలుగేళ్లకి తెలిసింది!

బెజవాడ మాస్టారు:
నేనైతే సినిమాల కంటే ఇంటర్వ్యూలే నయమంటాను. వెనక మ్యూజిక్కు, బాంబుల మోత ఉండవు. 1930ల, 40ల హాలీవుడ్ సినిమాలైతే అసలొద్దు, వాటిలో చాలామంది నటులు పెట్టుకున్న యాస ఇప్పుడెవరూ మాట్లాడరు.

నల్గొండ కుర్రాడు:
రికార్డ్ చేసి విన్నా. 'బస్', 'బుక్' అంటుంటే చివర చిన్న 'ఉ' తోకలా వినిపిస్తోంది, ఇన్నాళ్లూ నాకే తెలియలేదు. రాత్రి పదకొండింటికి ఒకే డైలాగ్ నలభైసార్లు అంటుంటే మా అమ్మ లేచొచ్చి "ఎవరితోని కొట్లాడుతున్నవ్ రా" అంది.