ఒడుగులా, వడుగులా? మా జేజి పాటలో ఒక మాట

దూదిపింజ:
అందరికీ సలాం, నమస్కారం. పదిహేను రోజులుగా ఒక పాట ముక్క నోట్లో తిరుగుతోంది, పూర్తిగా రావడం లేదు. మా తమ్ముడి కొడుక్కి వచ్చే నెల ఒడుగులు చేస్తున్నాం. సున్తీ అంటే అందరికీ తెలుస్తుంది గానీ మా ఇంట్లో ఆ మాట ఎవరూ అనరు, ఒడుగులే. మాది మార్కాపురం వైపు, దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే. పిల్లాడికి నలుగు పెట్టేటప్పుడు మా జేజి, అంటే నాన్నమ్మ, ఒక పాట పాడేది, దాన్ని కార్డు మీద పైన వేయించాలని నా కోరిక.

మల్లెపూల సెహరా మావయ్య తెచ్చె
ఒడుగుల బాబుకు గుర్రమ్ము వచ్చె
నాలుగేండ్లు నాలుగు నెల్లు...

ఆ తర్వాత గుర్తు లేదు. జేజి పోయి పదేళ్లయింది. రెండో లైను దగ్గర ఇంట్లో గొడవ. మా తమ్ముడు "వడుగుల" అని వేయాలి, ఒ వేస్తే చదువుకున్నవాళ్లు తప్పంటారు అంటున్నాడు. అమ్మ అయితే అసలు అది ఒడుగుల కాదు, "ఒడిలోని బాబుకు" అంటోంది. ప్రెస్సువాళ్లు శనివారం లోపల ఇమ్మన్నారు. మీలో ఎవరైనా ఈ పాట విన్నారా?

పెన్నాతీరం:
అక్కా, పాట వినలేదు గానీ మీ అమ్మగారి మాటలో పస ఉంది. నన్నడిగితే ఒడుగులు అనే మాటే ఒడి నుంచి వచ్చింది. నాకు ఐదేళ్లప్పుడు చేశారు, మా మామ నన్ను ఒళ్లో కూచోబెట్టుకుని రెండు కాళ్లూ చేతులూ కదలకుండా పట్టుకున్నాడు. సున్తీ చేసే హజాం వచ్చి "అదిగో సోనేకీ చిడియా" అన్నాడు, నేను దూలం వైపు చూశాను, అంతే. బంగారు పిట్ట కనపడలేదని ఏడ్చానో నొప్పికి ఏడ్చానో నాకు ఇప్పటికీ తెలీదు. మేనమామ ఒడి లేకుండా ఆ పని జరగదు, కాబట్టి ఒడి, ఒడుగు. పాటలో మొదటి లైనులో మావయ్య ఉన్నాడు, రెండో లైనులో ఒడి ఉంది. అతికినట్టు సరిపోయింది కదా.

సీసమాలిక:
పెన్నాతీరం గారూ, మీ జ్ఞాపకం చదివి కళ్లు చెమ్మగిల్లాయి. వ్యుత్పత్తి మాత్రం ఒప్పుకోలేను. ఒడికి "గు" ఎక్కడి నుంచి వచ్చింది? ఇది వటువు నుంచి వచ్చిన తద్భవం, వడుగు. బ్రహ్మచారి అని ఒక అర్థం, ఉపనయనం అని ఇంకో అర్థం. పిల్లవాడికి చేసే పెద్ద సంస్కారం కాబట్టి తెలుగు ముస్లింలు తమ సంస్కారానికి అదే మాట వాడుకున్నారు. వ అని ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే పోతన గారు సాక్ష్యం. బలి వామనుణ్ణి చూసి అడిగే పద్యం అందరికీ నోటికి వచ్చిందే: "వడుగా! యెవ్వరివాడ? వెవ్వఁడవు? సంవాసస్థలం బెయ్యది". మత్తేభం. యతి, అంటే మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు, పద్నాలుగో అక్షరం మీద, అంటే సంవాసలో "వా" మీద. వ కి వా కుదిరింది. అక్కడ "ఒడుగా" అని పెట్టి చూడండి, యతి భంగం. అచ్చులో తప్పు దొర్లిందనడానికి కూడా వీల్లేదు, ఛందస్సే ఆ అక్షరాన్ని కాపాడింది. కార్డు మీద నిశ్చింతగా "వడుగుల" అని వేయించండి.

దూదిపింజ:
సార్, ఆ పద్యం పదో తరగతి నుంచీ నాకు నోటికి వచ్చు, అందులో మా ఇంటి మాట ఉందని ఇన్నేళ్లూ తట్టలేదు. వామనుడు మా ఒడుగుల పిల్లాడే అన్నమాట! చాలా సంతోషంగా ఉంది.

గోధూళి:
యతి పాయింటు అద్భుతం సార్. దానికి ఇంకొకటి కలపనివ్వండి. ఆ కథలోనే కాసేపటికి "ఇంతింతై వటుఁడింతయై" వస్తుంది. అక్కడ వడుగు ఎందుకు వాడలేదని నేను చాలాసార్లు ఆలోచించాను. ఛందస్సు కోసం అనుకుంటారు, కాదు. "ఇంతింతై వడుగింతయై" అన్నా శార్దూలం కుదురుతుంది, గణాలూ అవే, యతీ చెడదు, ప్రాసా చెడదు. అంటే ఆయన కావాలని మార్చాడు. గుమ్మంలోకి వచ్చిన చిన్న పిల్లాణ్ణి పలకరించేటప్పుడు ఇంట్లో మాట, వడుగా. ఆకాశం దాటి పెరిగేవాడికి సంస్కృతం మాట, వటుడు. ఒకే పిల్లాడు, ఒకే కథ, రెండు రూపాలు. ఇలాంటి చోటే పోతన అంటే నాకు ప్రాణం.

సీసమాలిక:
గోధూళి గారూ, వేసి చూశాను, నిజంగానే సరిపోయింది. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఈ ప్రయత్నం ఎప్పుడూ చేయలేదు. అయితే కారణం వేరు అనిపిస్తోంది నాకు. టకారం పరుషం, డకారం సరళం. పెరిగే ఊపుకి పరుషం కావాలి.

ఓరుగల్లు:
మా బమ్మెర పోతన్న సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మా దిక్కు పెద్దవాళ్లు ఒదిన, ఒద్దు, ఒడ్లు అనే అంటరు. వ ఒ అయితది, నోరు తిరిగే తీరు అది. పోతన్న కాయితం మీద వ రాసిండంటే ఇంట్లో కూడా వ అన్నడని కాదు. పద్యానికి యతి ఉంటది, నలుగు పాటకు యతి ఏడిది? జేజి నోట్లె ఒ ఉంటే ఒ నే వేయాలె.

పెన్నాతీరం:
అన్నా, పోతన ఊరు బమ్మెర అని అంత ఖాయంగా అంటే ఎట్లా? మా ఒంటిమిట్టను మర్చిపోతే ఎట్లా? కోదండరాముడి గుడి ఉండేది ఇక్కడ. అయినా ఊరి పేరు చూడండి, మేం పలికేది ఒంటిమిట్ట, రైల్వే స్టేషన్ బోర్డు మీద ఇంగ్లీషులో వీ తో మొదలవుతుంది. ఒ కీ వ కీ మధ్య తగువు ఆ ఊళ్లోనే ఉంది!

ఓరుగల్లు:
తమ్ముడూ, పోతన్న చెప్పిన "ఏకశిలానగరం" ఓరుగల్లు. దీని మీద ఇంకో ముచ్చట పెడదాం, అక్క కార్డు పని ముందు కానీయి.

పెన్నాతీరం:
ఏకశిల అంటే ఒకే రాయి, అది ఒంటిమిట్ట కూడా అవుతుంది అన్నా. సరే, ఆపేస్తున్నా.

మెరీనా గాలి:
చెన్నై నుంచి. ఇక్కడ మా పక్కింటి తమిళ ముస్లింలు దీన్ని మార్క్క కల్యాణం అంటారు, మార్క్కం అంటే మతం అనే అర్థంలో. మలయాళంలో సున్నత్ కల్యాణం అని విన్నాను. అన్నిచోట్లా పెళ్లి పోలికే. సెహరా, గుర్రం, మేనమామ పెట్టే బట్టలు, ఉంగరం, అన్నీ బుల్లి పెళ్లికొడుకు లెక్కే కదా. నాకొక సందేహం. ఒడుగు అనేది అరబ్బీలో నమాజు ముందు కడుక్కునే "వుదూ" నుంచి రాలేదా? తమిళంలో దాన్నే ఒళు అంటారు. శుద్ధి చేయడం అనే అర్థం కూడా కలుస్తుంది. వుదూ, ఒళు, ఒడు, ఒడుగు.

చాయ్ బిస్కెట్:
బాగుంది గానీ కుదరదండీ. ఆ మాటలోని అరబ్బీ అక్షరం మనకు ఫారసీ, ఉర్దూ మీదుగా వచ్చింది కాబట్టి జ అయింది. మేం హైదరాబాదులో వజూ అంటాం. అదే అక్షరం రంజాన్‌లో ఉంది, మనకు జ, తమిళంలో రమలాన్, అక్కడ ల. వాళ్లకు సముద్రం మీద నేరుగా వచ్చింది, మనకు ఢిల్లీ, దక్కన్ మీదుగా వచ్చింది. తెలుగులో ఆ అక్షరం డ అయిన మాట నాకు ఒక్కటీ కనపడలేదు. మీరు చెప్పిన ఒళు మాత్రం నాకు కొత్త, రాసుకున్నాను.

నా అసలు ప్రశ్న వేరే. మీరంతా ఒ, వ అంటున్నారు, నాకేమో చివర "లు" మీద పట్టింపు. బ్రాహ్మల ఇళ్లలో ఒడుగు, ఏకవచనం. అక్క ఇంట్లో ఒడుగులు, బహువచనం. ఎందుకు? మా దక్కనీ ఉర్దూలో బహువచనం "ఆఁ" తో వస్తుంది, బాతాఁ, లోగాఁ, అట్లాగే సున్నతాఁ. మా దాదీ "ఉసకే సున్నతాఁ కబ్ హై" (వాడి సున్తీ ఎప్పుడు) అనేది, ఒక్క పిల్లాడికైనా సున్నతాఁ నే. ఆ బహువచనం పక్కింటి తెలుగులోకి దిగి ఒడుగులు అయ్యుంటుంది.

గోధూళి:
తెలుగుకి ఆ అప్పు అక్కర్లేదండీ. తలంబ్రాలు, అప్పగింతలు, పుట్టువెంట్రుకలు, వేడుక మాటలు ఎన్నో బహువచనంలోనే ఉంటాయి. నా ఊహ వేరు. పోతనలో వడుగు అంటే మనిషి, పిల్లాడు. అన్నదమ్ముల పిల్లలందరికీ ఒకేరోజు చేయించేవారు కదా, ఖర్చు కలిసి వస్తుందని. ముగ్గురు వడుగులు, నలుగురు వడుగులు. పిల్లల పేరే వేడుకకు నిలిచిపోయింది.

పెన్నాతీరం:
ఇది నిజం అక్కా. మా ఇంట్లో మేం నలుగురం ఒకేసారి. నాలుగు మంచాలు వరసగా, నాలుగు ఎర్ర లుంగీలు దూలానికి తాడు కట్టి ఎత్తిపెట్టారు. చిన్నాయన కొడుకు ముందు ఏడిస్తే మిగతా ముగ్గురం అందుకున్నాం. వారం రోజులు నెయ్యి, గుడ్లు, అడిగింది పెట్టారు. ఊళ్లో వాళ్లంతా వచ్చి చేతిలో డబ్బులు పెట్టిపోయారు, మా అమ్మ వాటిని ఇప్పటికీ లెక్క చెప్తుంది, ఎవరు ఎంత పెట్టారో. బగారా అన్నం, దాల్చా, ఆ వాసన ఈ మాట వింటే చాలు వచ్చేస్తుంది.

చాయ్ బిస్కెట్:
సరే, లు ని పక్కన పెడదాం. మూడో లైను ఎవరూ పట్టించుకోలేదు! "నాలుగేండ్లు నాలుగు నెల్లు" అంటే ఇంకేముంది, తర్వాత "నాలుగు రోజులు" వచ్చి తీరాలి. అది సున్తీ పాట కాదు, బిస్మిల్లా పాట. పిల్లలకు సరిగ్గా 4 ఏళ్ల 4 నెలల 4 రోజులకు మొదటిసారి బిస్మిల్లా చదివిస్తారు, "ఇఖ్రా" (చదువు) అనిపిస్తారు. మా చెల్లెలికి చేసినప్పుడు వెండి పలక మీద రాసి తెచ్చారు, అది అక్షరాలు చూడకుండా లడ్డూల పళ్లెం వైపు చూస్తూ చదివేసింది. వడుగు అంటే చదువు మొదలుపెట్టేవాడు. ఉపనయనం కూడా చదువుకే కదా. కాబట్టి జేజి పాటలో ఒడుగు అంటే బిస్మిల్లా, ఆ తర్వాత ఎప్పుడో రెండు వేడుకలూ ఒకే రోజు చేయడం మొదలయ్యాక మాట సున్తీ మీదికి మారింది.

సీసమాలిక:
ఇది నేను ఊహించని దారి. అర్థపరంగా చూస్తే చాలా బలంగా ఉంది. పొన్నిగంటి తెలగన యయాతి చరిత్రలో వడుగు ప్రయోగం వెతకాలి అనిపిస్తోంది. అచ్చతెలుగు కావ్యం, పటాన్‌చెరు అమీన్‌ఖానుకి అంకితం ఇచ్చింది. తెలుగు ఇంత ఇష్టపడ్డ ముస్లిం ప్రభువు ఇంట్లో ఈ వేడుకను ఏమనేవారో తెలిస్తే ఎంత బాగుండేది. ఇంట్లో పుస్తకం ఉంది, ఈ రాత్రికి తీస్తాను.

ఓరుగల్లు:
సార్ యయాతి చరిత్ర తీస్తే ఇగ తెల్లారుతది. అక్కా, "నాలుగేండ్లు" అని నీకు పక్కా గుర్తుందా?

దూదిపింజ:
అందరికీ ఒకేసారి జవాబిస్తున్నాను, క్షమించండి. ఇప్పుడే మా మేనత్తకు ఫోన్ చేశాను. జేజి పెద్ద కూతురు, దొనకొండలో ఉంటుంది, ఎనభై దాటింది. అడగ్గానే పాడింది. మూడో లైను "నాలుగేండ్లు" కాదట, "నాలుగూళ్ల చుట్టాలు నడిచీ వచ్చె" అట. మరి నాకు నాలుగు నెల్లు ఎక్కడి నుంచి గుర్తుందో అర్థం కావడం లేదు. ఇంకో పాటతో కలిసిపోయిందేమో.

ఇంకా పెద్ద చిక్కు రెండో లైను. ఆమె పాడింది ఇది:

వడిగల గుర్రమ్ము బాబుకు వచ్చె

ఒడుగుల కాదు, వడుగుల కాదు, ఒడిలోని కాదు. వడిగల! జోరుగా పరిగెత్తే గుర్రం. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే పాడింది. నాకు మనసు ఏదోలా అయిపోయింది.

గోధూళి:
వడిగల గుర్రం! ఎంత అందంగా ఉంది. కానీ ఆగండి, మీ చెవిలో ఒడుగుల అని అంత స్పష్టంగా ఉంటే అది ఊరికే రాదు. పాడేవాళ్లు తమకు తెలిసిన మాట వైపు లాగుతారు. జేజి ఒడుగుల అని పాడితే అత్తయ్య వడిగల అని విని ఉండవచ్చు, తిరగేసి కూడా జరిగి ఉండవచ్చు.

సీసమాలిక:
కష్టమైన పాఠాంతరమే మూలానికి దగ్గర అని మా గురువుగారు అనేవారు. గుర్రానికి వడిగల అనే విశేషణం ఎవరికైనా తడుతుంది. ఒడుగుల అనేదే మూలం అయ్యుండాలి. కాకపోతే వ తోనే.

ఓరుగల్లు:
ఒ తోనే సార్.

చాయ్ బిస్కెట్:
నాలుగూళ్ల చుట్టాలు అంటే నా బిస్మిల్లా వాదం పోయినట్టేనా? నాకు ఇంకా నమ్మకం పోలేదు. అక్కకు నాలుగు నెల్లు గుర్తుండటానికి ఏదో కారణం ఉంటుంది. రెండు పాటలున్నాయేమో, ఆ రెండోది వెతకండి దయచేసి.

పెన్నాతీరం:
అక్కా, కార్డు మీద ఏది వేస్తున్నావు మరి?

దూదిపింజ:
ప్రెస్సుకి ఫోన్ చేసి చెప్పేశాను. "ఒడుగుల బాబుకు గుర్రమ్ము వచ్చె", ఒ తోనే. సీసమాలిక సార్ ఏమీ అనుకోకండి, నా చెవిలో ఉన్న జేజి గొంతు అది. తమ్ముడు ఒప్పుకున్నాడు, అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. మూడో లైను అత్తయ్య పాడిందే వేస్తున్నాం, నాలుగూళ్ల నుంచి చుట్టాలు నిజంగానే వస్తున్నారు. నడిచి కాదు, ఆటోల్లో. పిల్లాడు రోజూ గుర్రం గురించే అడుగుతున్నాడు, తెల్లది కావాలట, పొదిలిలో ఒకాయన దగ్గర ఉందని చెప్పారు, రేపు వెళ్లి మాట్లాడాలి.

సీసమాలిక:
అనుకోవడానికేముందమ్మా, పిల్లవాడికి నా ఆశీస్సులు. ఒక్క సాయం చేయండి. మీ మేనత్తగారిది ఫోన్లో కాకుండా ఎదురుగా కూర్చుని రికార్డు చేయండి. వడిగల అనేటప్పుడు "డి" తర్వాత "గ" పలికారా, "డు" తర్వాత "గు" పలికి మనకు అలా వినపడిందా, అది తేలాలి.

దూదిపింజ:
ఆదివారం కార్డు ఇవ్వడానికి దొనకొండ వెళ్తున్నాను, తప్పకుండా చేస్తాను. ఆమెకు వినికిడి తగ్గింది సార్, మనం అడిగేది సగం వినపడదు. పాడమంటే మాత్రం వెంటనే పాడుతుంది.