‘పరీక్ష విఫలమైంది’ అనవచ్చునా?

ప్రశ్న:

మిత్రులారా, ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో కొత్తగా చేరేవారి కోసం రాసిన పుటలను తెలుగు చేస్తూ ‘టెస్ట్ ఫెయిల్డ్’ అన్న రెండు మాటల దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను. ఎవరైనా ఒక మార్పు పంపగానే సర్వరు దానిని కలుపుకొని ప్రోగ్రామునంతా మళ్ళీ బిల్డ్ చేసి, అంటే రాసిన కోడును నడిచే ప్రోగ్రాముగా కూర్చి, ఆపైన అది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలన్నింటినీ తనంతట తానే నడుపుతుంది. వాటిలో ఏ ఒక్కటి తేడా వచ్చినా ఈ మాటలు ఎర్రటి అక్షరాలతో తెరమీద కనబడతాయి. నేను ‘పరీక్ష విఫలమైంది’ అని రాశాను. మా బృందంలోని ఒక అమ్మాయి అది చదివి, "అయితే పరీక్ష సరిగ్గా జరగలేదన్నమాట, మళ్ళీ పెడతారా?" అని అడిగింది. పెద్దలు దారి చూపగలరు.

సమాధానం:

ఆ అమ్మాయి సరిగ్గానే అడిగిందండీ. క్షిపణి పరీక్ష విఫలమైందని పత్రికలు రాస్తే తలపెట్టిన ప్రయోగమే నెరవేరలేదని అర్థం. ఇక్కడ పరీక్ష తన పని తాను చక్కగా చేసి తప్పును పట్టి ఇచ్చింది, నెగ్గనిది మార్పు. దీనికి మనకు పాత పలుకుబడి ఉండనే ఉంది. ‘మావాడు మెట్రిక్ తప్పాడు’ అని మా నాన్నగారి తరంవారు అనేవారు. అందులో తప్పినవాడు కుర్రవాడే గాని మెట్రిక్ కాదు గదా. కనుక ‘ఈ మార్పు పరీక్ష తప్పింది’ అని రాయండి. కర్తను వదిలి ఊరికే ‘పరీక్ష తప్పింది’ అంటే మాత్రం గండం తప్పినట్టు పరీక్ష పీడ వదిలిందని సంబరపడేవారూ ఉంటారు.

ఈ తేడా పనిలోనూ అక్కరకు వస్తుంది. 1998లో తన కోడును బయటపెట్టిన, ఆ తరవాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును తెచ్చిన మొజిల్లా ప్రాజెక్టు, బిల్డుల పరిస్థితిని చూపే పుటకు టిండర్‌బాక్స్ అని పేరు పెట్టుకుంది. చెకుముకి రాయి, ఉక్కుముక్క, దూది దాచుకునే డబ్బీ అని దాని అర్థం. ఆ పుటలో ఒక్కో యంత్రానికి ఒక్కో నిలువు వరుస ఉండేది. అన్నీ నెగ్గితే ఆకుపచ్చ, బిల్డ్ అయి పరీక్షలు తప్పితే నారింజ, అసలు బిల్డే కాకపోతే ఎరుపు. ఎరుపెక్కితే ‘చెట్టు మండుతోంది’ అనేవారు, కోడు మొత్తాన్ని వారు చెట్టు అంటారు కాబట్టి. చిక్కంతా నారింజతోనే. కోడు మారకపోయినా ఒకసారి నెగ్గి మరోసారి తప్పే పరీక్షలు కొన్ని ఉంటాయి. పుట రెండు సెకన్లలో తెరుచుకుంటుందని నమ్మి రాసిన పరీక్ష, యంత్రం మీద భారం ఎక్కువైన పూట, ఏ దోషమూ లేని మార్పును కూడా తప్పిస్తుంది. అక్కడ నింద పడవలసింది పరీక్ష మీదనే. దానిని ‘నిలకడ లేని పరీక్ష’ అనవచ్చు. రెండింటికీ ‘పరీక్ష విఫలమైంది’ అనే రాస్తే, కొత్తగా చేరినవాడు తన కోడును దిద్దుకోవాలో, పరీక్షను దిద్దాలో ఎలా తెలుసుకుంటాడు?

ప్రశ్న:

చాలా సంతోషం, మాస్టారూ. మరి బిల్డ్ ‘విరిగింది’ అనవచ్చునా? కుర్రవాళ్ళందరూ అలాగే రాస్తున్నారు.

సమాధానం:

ఇంగ్లీషులో ‘బ్రేక్’ అనే ఒకే క్రియ సరిపోయే చోట, మనకు కర్ర విరుగుతుంది, కుండ పగులుతుంది, తాడు తెగుతుంది. పాలూ విరుగుతాయి, ఒక్క చుక్క పులుపు పడితే గిన్నెడు పాలూ పోయినట్టు, ఒక్క సెమీకోలన్ లేక బిల్డ్ అంతా పోతుంది కాబట్టి, ఆ పోలికతో అంటే నేను అడ్డు చెప్పను. అయితే తెరమీది సందేశానికి ‘బిల్డ్ కాలేదు’ చాలు.

ప్రశ్న:

అలాగే మార్చాను. కర్త పట్టేంత చోటు లేని గడిలో మాత్రం, మార్పు పేరు పైవరుసలో ఎలాగూ ఉంటుంది కనుక, ‘నెగ్గలేదు’ అని ఒక్క మాటే రాశాను.